క్లైంబింగ్ జిమ్‌లో పిల్లల్ని కనిపెట్టుకోవడం: చాన్నాళ్లు వెళ్లాక నా సమీక్ష

మా అమ్మాయి రెండో తరగతిలో ఉన్నప్పటి నుంచి బెంగళూరు వైట్‌ఫీల్డ్ వైపు ఒక ఇండోర్ క్లైంబింగ్ జిమ్‌కి వెళ్తున్నాం. ఇప్పుడది ఐదు, వాళ్ల తమ్ముడు యూకేజీ. గోడ మీద పట్టుకుని ఎక్కే హోల్డ్‌లు తరచూ మారుస్తారు, కోచ్‌లు ఓపిగ్గా చెప్తారు. రేటు మాత్రం ఘాటే, షూ అద్దె మళ్లీ వేరు.

కొత్తగా వచ్చినవాళ్లు తాడున్న ఎత్తు గోడను చూసి భయపడతారు. నన్నడిగితే తాడు లేని బౌల్డరింగ్ గోడ దగ్గరే కళ్లు ఎక్కువ పనిచెయ్యాలి. ఎత్తు 4 మీటర్ల లోపే, కింద మందపాటి మ్యాట్ ఉంటుంది, నిజమే. కానీ పట్టు జారిందంటే నేల దాకా పడటమే. ఆ కింద నుంచి మా చిన్నోడు పరిగెత్తాడంటే దెబ్బ ఇద్దరికీ. అందుకే నేను మ్యాట్ బయట, వాడికీ గోడకీ మధ్యలో నిలబడతాను. పడే పిల్లను చేతులతో పట్టుకోబోతే పట్టుకునేవాళ్లకూ తగులుతుంది. మా అమ్మాయికి నేర్పింది వేరు: పైనుంచి దూకకుండా వీలైనంత దిగిరా, పడితే రెండు కాళ్ల మీద పడి, మోకాళ్లు వంచి, వెనక్కి దొర్లు, చేతులు ఛాతీ దగ్గర పెట్టుకో. చెయ్యి వెనక్కి ఆనిస్తే మణికట్టుకే ముప్పు. ఉంగరం, గాజులు, మెడలో గొలుసు, అన్నీ ఇంట్లోనే తీసేస్తాం. వాళ్ల నానమ్మ వచ్చిన రోజున మాత్రం "పడిపోతావే!" అన్న కేకలు ఆపడం నా వల్ల కాలేదు.

ఇక తాడున్న గోడ సంగతి. పైన ఉండే ఆటో బిలే యంత్రం వదులైన తాడును తనే లాక్కుంటుంది, చెయ్యి వదిలితే మెల్లగా దించుతుంది. యంత్రం కన్నా భయపడాల్సింది తాడు క్లిప్ పెట్టకుండానే ఎక్కెయ్యడానికి. అందుకే నడుముకు కట్టే హార్నెస్ బకిల్, తాడును దానికి తగిలించే కొక్కెం (క్యారబినర్) లాక్ ప్రతిసారీ నా చేత్తో లాగి చూస్తాను, కోచ్ చూసినా సరే. చిన్నపిల్లలకు నడుము సన్నం, తలకిందులైతే మామూలు హార్నెస్ జారిపోవచ్చు. ఒళ్లంతా పట్టే హార్నెస్ కావాలి. ఇక్కడ అడిగితేనే తీసిస్తారు, అది నాకు నచ్చలేదు.

శని, ఆదివారాలు పుట్టినరోజు పార్టీలతో గోల. చూసేవాళ్లు తక్కువ, పిల్లలు ఎక్కువ. వీడియో కోసం మ్యాట్ మధ్యలో నిలబడే నాన్నల సంగతి సరేసరి. మేం మామూలు రోజుల్లోనే వెళ్తాం. నెల పాస్ కొనే ముందు ఒక ఆదివారం సాయంత్రం ఊరికే వెళ్లి, ఎక్కేవాళ్ల కింద నడిచే పిల్లల్ని ఎవరైనా ఆపుతున్నారో లేదో చూసుకోండి.