1989లో తప్పిపోయిన మనిషి కోసం చెన్నైలో డిటెక్టివ్ సంస్థ: ఐదుకు మూడున్నర

సంస్థ అన్నా సాలైలో ఉంది. బిల్లు గురించి వాళ్లతో పేచీ ఇంకా తెగలేదు కనుక పేరు రాయడం లేదు. చెన్నైలో ఇలాంటి సంస్థలకు ఎక్కువగా పెళ్లి సంబంధాల విచారణలే బతుకుతెరువు. పాత కేసు ముట్టుకునేవి తక్కువ. అలాంటి పని అప్పగించాలనుకునే తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకోసం ఇది రాస్తున్నాను.

మా పెద్దనాన్న చెన్నైలో అప్పటి హోల్‌సేల్ మార్కెట్టు కొత్వాల్ చావడిలో ఒక కూరగాయల మండీలో గుమాస్తా. పెళ్లి చేసుకోలేదు. 1989లో ఒక సాయంత్రం కొట్టు కట్టేశాక ఇంటికి రాలేదు. శవం దొరకలేదు, ఉత్తరం రాలేదు. వసూలు డబ్బు పట్టుకుని బొంబాయి పారిపోయాడని బంధువుల్లో మాట పుట్టింది. నాయనమ్మ పోయేదాకా ఆ మాట పడుతూనే ఉంది. ఇప్పుడు ఆమె ఇల్లు పంచుకోవాలంటే పెద్దనాన్న సంగతి తేలాలి.

బతికి ఉంటే సహజంగా కబురు అందవలసినవాళ్లకు ఏడేళ్లుగా ఏ కబురూ లేకపోతే, ఆ మనిషి బతికే ఉన్నాడనేవాళ్లే దాన్ని నిరూపించుకోవాలి. పాత సాక్ష్య చట్టంలో ఇది 108వ సెక్షన్. 2024 జూలై నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 111. మరణ ధ్రువపత్రానికి కోర్టు డిక్రీ ఉండాలని మా వకీలు చెప్పారు. అయితే ఎప్పుడు పోయారన్నది చట్టం ఊహించదు. ఎల్‌ఐసీకీ అనురాధ అనే ఆవిడకూ నడిచిన కేసులో 2004లో సుప్రీంకోర్టు ఈ సంగతి విడమరచి చెప్పింది. తేదీ కావాలంటే అడిగేవాళ్లే ఆధారం తేవాలి. మాకు తేదీతో పని ఉంది. నాయనమ్మ 1998లో పోయింది, తరువాత మేనత్త పోయింది. పెద్దనాన్న వాళ్లకు ముందా, వెనకా అన్నదాన్ని బట్టి మేనత్త పిల్లల వాటా మారుతుంది.

మొదట మాట్లాడిన మేనేజరు సరుకు అమ్మే మనిషి. సిడ్నీ కేసు చూపించారు. 1982 జనవరిలో లినెట్ డాసన్ మాయమైంది, శవం ఇప్పటికీ దొరకలేదు, అయినా 2022లో భర్తకు హత్యానేరం కింద శిక్ష పడింది. నిజమే. శవం దొరకనంత మాత్రాన హత్య కేసు వీగిపోనక్కరలేదని మన సుప్రీంకోర్టు కూడా 1981లోనే రామానంద్ కేసులో చెప్పింది. కానీ అక్కడ ఎదురుగా ఒక నిందితుడు ఉన్నాడు. మాకు ఎవరున్నారు? అంతటితో ఆగకుండా డీఎన్‌ఏ ప్యాకేజీ అన్నారు. నాన్న రక్తం ఇస్తారు సరే, దాన్ని దేనితో పోలుస్తారు? గుర్తుతెలియని శవాల డీఎన్‌ఏను కూడా భద్రపరిచే జాతీయ బ్యాంకు కోసం తెచ్చిన బిల్లును కేంద్రం 2023లో వెనక్కి తీసుకుంది. ఆ ప్రశ్నకు ఆయన కాఫీ తెప్పించారు. బ్యాంకు ఖాతాల వివరాలు "లోపలి మనుషుల" ద్వారా తెప్పిస్తామన్నారు. అది నేరం, వద్దన్నాను. గోడమీద బంగారు అంచుతో వేలాడుతున్న "ప్రభుత్వ గుర్తింపు" దగ్గరికి వెళ్లి చదివితే అది ఉత్త కంపెనీ రిజిస్ట్రేషన్ పత్రం. డిటెక్టివ్ సంస్థలకు లైసెన్సు పెట్టాలని 2007లో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం కానేలేదు.

ఇంత చూశాక కూడా 75 వేలు అడ్వాన్సు ఎందుకు కట్టానంటే, పని చేయబోయే మనిషిని పిలిపించమన్నాను. పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన తమిళాయన. నాన్నతో ఆయన అన్న మొదటి మాట, "సార్, మీ అన్నగారు దొరుకుతారని నేను చెప్పను. ఎక్కడెక్కడ లేరో రాసిస్తాను." మూడున్నరలో మూడు ఆయనవే.

ఓటరు గుర్తింపు కార్డులు 1993లో వచ్చాయి. పెద్దనాన్న అంతకు ముందే తప్పిపోవడంతో ఆయన పేరిట ఎస్‌ఎస్‌ఎల్‌సీ పుస్తకం తప్ప ఏ కార్డూ లేదు. అప్పట్లో ఇచ్చిన ఫిర్యాదు నకలు కోసం స్టేషన్‌లో అడిగితే గడువు తీరిన కాగితాలు తీసేశామన్నారు. హోల్‌సేల్ మార్కెట్టు 1996లో కోయంబేడుకు తరలిపోయింది, తెలిసినవాళ్లు చెదిరిపోయారు. హెడ్ కానిస్టేబుల్‌గారు కోయంబేడులో కొట్టు కొట్టుకూ తిరిగి మండీ యజమాని మనవణ్ణి పట్టుకున్నారు. ఆ కుటుంబం పాత లెక్కల పుస్తకాలను సౌకార్‌పేట ఇంట్లో ఇనప్పెట్టెలో దాచింది.

ఇక్కడ సంస్థ పరువు పోయింది. మండీ తెలుగువాళ్లది, చిట్టా (రోజువారీ లెక్క), ఆవర్జా (ఖాతాల పుస్తకం) తెలుగులో ఉన్నాయి, సంస్థలో తెలుగు చదవగలిగేవాళ్లు ఒక్కరూ లేరు. పేజీలు ఫోటోలు తీసి నాకే పంపి, "పత్రాల పరిశీలన" అని బిల్లులో రాశారు. పరిశీలించింది నేను. నాది ఆడిట్ ఉద్యోగం, ఆ పని నాకేమీ కష్టం కాలేదు. ఆఖరి సాయంత్రం వసూలు మొత్తం చిట్టాలో జమ పడి ఉంది, పెద్దనాన్న సొంత దస్తూరీతో. మరునాటి పేజీలో అదే మొత్తం ప్రారంభ నిల్వగా వేరే చేతిరాతలో మొదలైంది. ఒక్క రూపాయి తేడా లేదు. ఆవర్జాలో ఆయన జీతం బాకీగా నిలిచి ఉంది. దాన్ని యజమాని తరువాతి సంవత్సరపు లెక్కల్లోకి కూడా ఎత్తి రాసుకున్నారు. డబ్బుతో పారిపోయేవాడు తనకు రావలసిన జీతం వదిలేసి వెళ్తాడా? నాన్న ఆ పేజీల ప్రింట్లు బంధువులందరికీ పోస్టులో పంపారు. వాట్సాప్‌లో వద్దన్నారు.

ఒక పాత హమాలీ, పెద్దనాన్న బీచ్ స్టేషన్ దగ్గర రైలు కింద పడ్డాడని విన్నానన్నాడు. ఎవరు చెప్పారో గుర్తులేదట. దాన్ని నివేదికలో ముఖ్యాంశంగా పెట్టాలని మేనేజరు పట్టుబట్టారు. మన హెడ్ కానిస్టేబుల్‌గారు ఒప్పుకోలేదు. రైల్వే పోలీసుల దగ్గర విచారించి, ఆ కాలపు రికార్డు దొరకలేదని రాసి, హమాలీ మాటను అనుబంధంలో "విన్నమాట" అన్న శీర్షిక కింద పెట్టారు. మా వకీలు నివేదిక మొత్తంలో మెచ్చుకున్నది ఆ ఒక్క పేజీని. విన్నమాటను సాక్ష్యంగా పెట్టి ఉంటే అవతలి వకీలు మొదట దాన్నే పట్టుకుని మిగతాదంతా చింపేసేవాడన్నారు.

మరణించిన తేదీ మాత్రం తేలలేదు. ఆ సాయంత్రం తరువాత ఆయన బతికి ఉన్నట్టు ఒక్క జాడ కూడా లేదన్నంతవరకే నివేదిక చెబుతుంది. వాటాల గొడవ కోర్టే తేల్చాలి. పారిపోయాడన్న నింద మటుకు పోయింది, నా లెక్కలో పెట్టిన డబ్బు అక్కడికే చెల్లిపోయింది.

బిల్లు దగ్గరికి వస్తే, "క్లెయిమ్ చేయని డిపాజిట్ల విచారణ" అని ఆరు వేలు వేశారు. రిజర్వు బ్యాంకు 2023లో తెచ్చిన ఉద్గమ్ పోర్టల్‌లో పేరు, పుట్టిన తేదీ ఇచ్చి ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. నేను అప్పటికే వెతికాను, ఏమీ లేదని వాళ్లకు చెప్పాను కూడా. ఆ ఆరు వేల మీద 18 శాతం జీఎస్‌టీ వేరే. వారంవారం పంపిన నివేదికల్లో సగం "విచారణ కొనసాగుతోంది" అన్న ఒక్క వాక్యమే. ఒకటిన్నర అక్కడ తగ్గించాను.

మీరు వెళ్తే ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు, రేపు కోర్టులో సాక్షిగా బోను ఎక్కేది ఎవరో పేరుతో సహా రాయించుకోండి. మా హెడ్ కానిస్టేబుల్‌గారు రావడానికి సిద్ధంగానే ఉన్నారు. సంస్థ మాత్రం వాయిదాకు వాయిదాకు వేరే ఫీజు అంటోంది, ఆ మాట ఒప్పందంలో ఎక్కడా లేదు. దాని మీదే ఇప్పుడు మా వకీలు వాళ్లకు నోటీసు తయారు చేస్తున్నారు.