కామిక్ కాన్ ‘ప్యాకేజీ’ కొంటున్నారా? డబ్బు వేసేముందు ఇది చూడండి

భీమవరం, రాజమండ్రి, కాకినాడ కాలేజీ గ్రూపుల్లో ఒక మెసేజి తిరుగుతోందండి. హైదరాబాద్ కామిక్ కాన్‌కి (కామిక్స్, అనిమే అభిమానుల జాతర అది) టిక్కెట్టు, బస్సు, ఒక అనిమే బొమ్మ, కావాలంటే పాత్రల వేషం కట్టడానికి అద్దె కాస్ట్యూమ్, అన్నీ కలిపి ఒకటే రేటు. యూపీఐ కొడితే సీటు ఖాయమట. దీనికి పడుతున్నది మొదటిసారి వెళ్లేవాళ్లే. ఇందులో ఏది విడిగా ఎంతో, ఎక్కడ దొరుకుతుందో వాళ్లకి తెలీదు, అమ్మేవాడికి అదే కావాలి.

ముందు టిక్కెట్టు సంగతి. డబ్బు వేశాక వాట్సాప్‌లో వచ్చేది ఒక క్యూఆర్ కోడ్ స్క్రీన్‌షాట్. ఆ గళ్ల బొమ్మ వెనక ఉన్నది ఒక నంబరు, దాన్ని గేటు దగ్గర స్కానర్ ఒక్కసారే ఒప్పుకుంటుంది. అదే స్క్రీన్‌షాట్ పదిమందికి అమ్మితే ముందు చేరినవాడు లోపలికి, మిగతా తొమ్మిదిమంది రోడ్డు మీదికి. రాత్రంతా ప్రయాణం చేసి, స్నానం, టిఫిను కానిచ్చుకుని పదకొండింటికి చేరేది మనమే కాబట్టి ఆ తొమ్మిదిమందిలో మనవాళ్లే ఎక్కువ. టిక్కెట్లు రోజువారీగా ఉంటాయి. స్క్రీన్‌షాట్‌లో తేదీ మీద వేలో, ఎమోజీయో అడ్డం పెట్టాడంటే శుక్రవారం టిక్కెట్టుని ఆదివారానిదని అంటగడుతున్నట్టే. అసలు టిక్కెట్టు టికెటింగ్ సైట్లో మీ ఫోన్ నంబరుతో మీరు లాగిన్ అయితే కనపడాలి. కనపడకపోతే అది మీది కాదు.

‘రిస్ట్‌బ్యాండ్ (లోపలికి వెళ్లడానికి చేతికి కట్టే పట్టీ) ఇచ్చేస్తాం, లైన్లో నిలబడక్కర్లేదు’ అనేది ఇంకోటి. కాగితంలా ఉండే ఆ బ్యాండ్లకి అతుక్కునే చోట సన్నటి కోతలు ఉంటాయి, పీకితే చిరిగిపోవడానికే. వాడేసిన బ్యాండుని సెల్లోటేపుతో అతికించి అమ్ముతారు. ఆ టేపు మెరుపు గేటు దగ్గర కుర్రాడికి ఇట్టే తెలిసిపోతుంది.

బొమ్మ విషయానికొస్తే, పెద్ద తలకాయ ఉండే ఫంకో పాప్ బొమ్మల్లో నకిలీని పట్టుకోవడం తేలిక. డబ్బా అడుగున ముద్రించిన కోడూ, బొమ్మ పాదం కిందో మెడ దగ్గరో ఉన్న కోడూ కలవాలి. డబ్బా తెరవనివ్వనివాడి దగ్గర కొనకండి. వన్ పీస్, డ్రాగన్ బాల్ అనిమేల బొమ్మలైతే డబ్బా మీద, వాటిని తీసే తోయే యానిమేషన్ కంపెనీ వాళ్ల పిల్లి బొమ్మ ఉన్న మెరిసే స్టిక్కరు వెతకండి. దాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పితే రంగు మారాలి, ఉత్త వెండి కాగితంలా ఉంటే అనుమానించండి. స్టిక్కర్లకీ నకిలీలొచ్చాయి కాబట్టి కళ్ల గీతలు, జుట్టు అంచున రంగు పొంగిందా అన్నదీ చూడాలి. తెరవగానే గుప్పున ప్లాస్టిక్ వాసన కొడితే వెనక్కిచ్చేయండి.

ఎక్కువ గొడవలు కాస్ట్యూమ్ దగ్గరే. వేషానికి వేసుకునే కవచాలు ఈవీఏ ఫోమ్ అనే తేలికైన, మెత్తటి షీట్లతో చేస్తారు. అతుకులకి ఫెవికాల్ ఎస్ఆర్ లాంటి గమ్ రెండువైపులా పల్చగా రాసి, పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, వేలు పెడితే అంటీ అంటనట్టు ఉన్నప్పుడు నొక్కాలి. అంత ఓపిక లేనివాళ్లు గ్లూగన్‌తో లాగించేస్తారు. వేడికి కరిగించి పోసిన గమ్ మళ్లీ వేడి తగిలితే మెత్తబడుతుంది. మధ్యాహ్నపు ఎండలో బస్సు డిక్కీలో పెట్టారా, భుజం ముక్క ఊడి చేతికొస్తుంది. అతుకుని లోపలివైపుకి తిప్పి చూడండి. మైనం కారినట్టు ఉబ్బి, సాలెపోగుల్లాంటి దారాలు వేలాడుతుంటే అది గ్లూగన్ పనే. తర్వాత మోచేతి ముక్కని ఒకసారి వంచండి. ఫోమ్ పైపొరని హీట్‌గన్ వేడి గాలితో బిగించకుండా, కింద ప్రైమర్ (రంగు పట్టడానికి వేసే తొలిపూత) వేయకుండా రంగు కొడితే అక్కడే పెచ్చులు లేస్తాయి. అద్దెకి తీసుకునేటప్పుడే ముక్కముక్కకీ వీడియో తీసి అతనికి పంపండి, లేకపోతే ఆ పెచ్చులు మీ డిపాజిట్లోంచే పోతాయి.

వేషంతో పట్టుకెళ్లే కత్తి ఫోమ్‌దో ప్లాస్టిక్‌దో అయ్యుండాలి. ఇనుప కత్తిని ప్రాప్ చెకింగ్ (వేషం సామాన్ల తనిఖీ) దగ్గరే ఆపేస్తారు, సంక్రాంతి బరి కాదది.

బస్సు అసలు అక్కర్లేదు. కాకినాడ నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఉంది, రిజర్వేషను 60 రోజుల ముందే తెరుస్తారు. లింగంపల్లిలో దిగి ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో హైటెక్ సిటీకి, అక్కణ్ణుంచి కామిక్ కాన్ జరిగే హైటెక్స్‌కి ఆటో.

ఇప్పటికే డబ్బు వేసేసినవాళ్లు అతన్ని బతిమాలుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. యూపీఐ రసీదులో ఉండే 12 అంకెల యూటీఆర్ నంబరు దగ్గర పెట్టుకోండి, అడుగుతారు. తర్వాత బ్యాంకుకీ చెప్పండి. చాట్ డిలీట్ చేయకండి, అతని నంబరు కనపడేలా స్క్రీన్‌షాట్లు తీయండి. ‘రీఫండ్ పంపుతున్నా, పిన్ కొట్టండి’ అంటే అది రెండో దెబ్బ, డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. బొమ్మ నాసిరకమైతే, బిల్లు ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.