టొయోటా 86కు పాత ఎన్‌కై చక్రాలు: వెనక వైపు తిప్పి చూసి కొన్న సెట్టు

నా 2017 టొయోటా 86 స్పోర్ట్స్ కారుకు ఈ వేసవి మొదట్లో వాడిన అలాయ్ చక్రాల సెట్టు ఒకటి కొన్నాను. జపాన్‌కు చెందిన ఎన్‌కై సంస్థ చేసే ఆర్‌పీఎఫ్1 రకం, 17 అంగుళాల వ్యాసం, 8 అంగుళాల వెడల్పు, 45 ఆఫ్‌సెట్, అంటే ఇరుసు చివర ఉండే హబ్బుకు ఆనుకునే ముఖం చక్రం వెడల్పు నడిమి కన్నా 45 మిల్లీమీటర్లు బయటి వైపుకు ఉంటుంది. నాలుగింటికీ కలిపి 640 డాలర్లు ఇచ్చాను. కొత్తవి కొంటే ఇంచుమించు రెట్టింపు అయ్యేది. కొన్నది డాలస్ శివార్లలో, పాత చక్రాలు, టైర్లు మాత్రమే అమ్మే ఒక పెద్ద షెడ్డులో. చక్రాల విషయంలో నాకు పూర్తి తృప్తి ఉంది. దుకాణం విషయంలో కూడా తృప్తి ఉంది గానీ దానితో పాటు ఒక హెచ్చరిక చెప్పవలసి ఉంది. అది చెప్పకుండా మెచ్చుకుని ఊరుకుంటే, ఇర్వింగ్, ఫ్రిస్కోల నుంచి ఇలాంటి కార్లకు చక్రాలు వెతుక్కుంటూ అక్కడికి వెళ్లే మనవాళ్లకు నష్టం చేసినట్టవుతుంది.

ఆ షెడ్డులో గోడ పొడవునా చక్రాలను నాలుగేసి చొప్పున దొంతరలుగా పేర్చి, ఒక్కో దొంతర మీద అవి ఏయే కార్లకు సరిపోతాయో చేత్తో రాసిన కాగితం అంటిస్తారు. నేను వెళ్లిన రోజున 86 అని రాసి ఉన్న దొంతరలు మూడు కనిపించాయి. ఆ మూడింటిలో నా కారుకు నిజంగా పనికివచ్చింది ఒక్కటే. కాగితం రాసినవాళ్లు కావాలని అబద్ధం రాశారని నేను అనుకోవడం లేదు. బోల్టు రంధ్రాలు ఎన్ని, వాటి వలయం ఎంత అన్న ఒక్క లెక్క చూసి రాశారు, అంతే. చక్రం సరిపోవడమంటే ఆ ఒక్క లెక్కే కాదు కాబట్టి, కాగితాన్ని నమ్మి డబ్బు కట్టకూడదు.

మొదటి దొంతరలోవి పాత ఫోక్స్‌వ్యాగన్ జెట్టా చక్రాలు. వాటికీ 86కూ ఐదు రంధ్రాలే, వలయం వ్యాసం 100 మిల్లీమీటర్లే; కార్ల వాళ్లు 5×100 పీసీడీ అనేది దీన్నే. నాతో వచ్చిన వరంగల్ మిత్రుడు ఒక చక్రాన్ని నిలబెట్టి చూసి, "అన్నా, హోల్స్ కలుస్తున్నయ్ కదా, ఇంక చూసేదేముంది?" అన్నాడు. చక్రాన్ని పడుకోబెట్టి, నట్టు కూర్చునే గుంటలోకి ఫోన్ లైటు వేసి చూపించాను. ఆ గుంట గిన్నె అడుగులా గుండ్రంగా ఉంది, ఎందుకంటే ఫోక్స్‌వ్యాగన్ బోల్టు తల అడుగు భాగం బంతిలా ఉంటుంది. 86 నట్టు మూతి 60 డిగ్రీల శంకువు ఆకారంలో ఉంటుంది. శంకువును గిన్నెలో కూర్చోబెడితే రెండూ ఒక సన్నని గీత మేర మాత్రమే ఆనుకుంటాయి. బిగించేటప్పుడు అంతా బిగువుగానే ఉన్నట్టు తోస్తుంది, బిగువు సరిపోగానే చప్పుడు చేసే టార్క్ రెంచ్ కూడా టక్కుమంటుంది, కానీ కారు నడిచేకొద్దీ ఆ గీత దగ్గర అల్యూమినియం నలిగి నట్టు వదులవడం మొదలుపెడుతుంది. పైగా ఫోక్స్‌వ్యాగన్ వాడేది 14 మిల్లీమీటర్ల బోల్టు కనుక, రంధ్రం కూడా 86లోని 12 మిల్లీమీటర్ల స్టడ్డుకు, అంటే నట్టు ఎక్కే మరల కడ్డీకి, వదులే. వేగంగా నడపడానికి కొనుక్కున్న కారుకు ఇంతకన్నా ప్రమాదకరమైన పొరపాటు ఇంకొకటి నాకు తోచదు. బయటి నుంచి చూస్తే ఇది కనిపించనే కనిపించదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

రెండో దొంతరలోవి టొయోటా కరోలా చక్రాలు. ఒకే కంపెనీ కదా, తప్పకుండా పడతాయని ఎవరైనా అనుకుంటారు. కానీ 86 పేరుకు టొయోటాదే గానీ, అది తయారైంది జపాన్‌లోని గున్మాలో ఉన్న సుబారు కర్మాగారంలో. హబ్బు, స్టడ్డులు సుబారు కొలతలవి. హబ్బు మధ్యలో పొడుచుకు వచ్చే గుండ్రని భాగం 56.1 మిల్లీమీటర్లు, కరోలా చక్రం నడిమి రంధ్రం 54.1 మిల్లీమీటర్లు. కాబట్టి ఆ చక్రం హబ్బు మీదికి ఎక్కదు. నట్లు కూడా పనికిరావు: టొయోటాలో మరల మధ్య దూరం 1.5 మిల్లీమీటర్లు, 86లో 1.25. బలవంతంగా ఎక్కిస్తే స్టడ్డు మరలు చెడిపోతాయి. 86 లేదా సుబారు పేరుతో వచ్చే దాని జంట కారు బీఆర్‌జెడ్ ఉన్నవాళ్లు పాత కంపెనీ చక్రాలే కావాలనుకుంటే 2014 వరకు వచ్చిన సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ చక్రాల వైపు చూడాలి. డబ్ల్యూఆర్‌ఎక్స్‌లోనే ఎక్కువ వేగం గల రకమైన 2004 ఎస్‌టీఐతో వచ్చిన 17 అంగుళాల బీబీఎస్ సంస్థ చక్రాలు కూడా చక్కగా కూర్చుంటాయి. 2005 నుంచి మాత్రం ఎస్‌టీఐ 5×114.3కు మారిపోయింది.

ఇక మూడో దొంతర నేను కొన్నది. ఆర్‌పీఎఫ్1 పేరు చెబితే ఇష్టపడే వాళ్లు చాలా మంది ఉన్నారు కాబట్టి దాని రూపాన్ని అనుకరించిన చక్రాలు కూడా చాలానే తిరుగుతున్నాయి. ముందు వైపు చూసి తేడా పట్టడం కష్టం. బ్రేకు పొడితో నల్లబడిన వెనక భాగాన్ని తడిగుడ్డతో తుడిస్తే ఎన్‌కై పేరు, 17×8 అన్న కొలత, ఆఫ్‌సెట్ అంకె, వాటి పక్కన జేడబ్ల్యూఎల్, వీఐఏ ముద్రలు బయటపడ్డాయి. మొదటిది జపాన్ ప్రభుత్వం తేలికపాటి అలాయ్ చక్రాలకు పెట్టిన ప్రమాణానికి గుర్తు, రెండోది ఆ పరీక్ష బయటి సంస్థ దగ్గర నమోదైందనడానికి గుర్తు. ముద్రలను కూడా నకలు చేసేవాళ్లు ఉంటారు కనుక నేను కొలిచి కూడా చూశాను. చక్రాన్ని బోర్లా పెట్టి, అంచు నుంచి అంచుకు ఒక ఇనుప స్కేలు అడ్డంగా వేసి, అక్కడి నుంచి హబ్బుకు ఆనుకునే ముఖం వరకు లోతు కొలిస్తే 159 మిల్లీమీటర్లు వచ్చింది. 8 అంగుళాల చక్రానికి రెండు అంచులతో కలిపి మొత్తం వెడల్పు 9 అంగుళాలు, అందులో సగం 114 మిల్లీమీటర్ల చిల్లర. 159లోంచి అది తీసేస్తే 45. ముద్ర చెప్పిందీ స్కేలు చెప్పిందీ ఒకటే కావడంతో మనసు కుదుటపడింది.

ఆ 45 అంకె నా కారు విషయంలో ఏం చెబుతోందో ఇంటి దగ్గరే లెక్క వేసుకుని వెళ్లాను. కారుతో వచ్చిన చక్రాలు 7 అంగుళాల వెడల్పు, 48 ఆఫ్‌సెట్. వాటితో పోలిస్తే ఇవి లోపలికి, అంటే సస్పెన్షన్ స్ట్రట్ వైపుకు సుమారు 10 మిల్లీమీటర్లు, బయటికి, అంటే ఫెండర్ అంచు వైపుకు సుమారు 16 మిల్లీమీటర్లు ఎక్కువగా వస్తాయి. కంపెనీ ఎత్తులోనే ఉన్న 86కు 225/45 టైరుతో (వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 45 శాతం) ఈ రెండూ ఇబ్బంది లేని దూరాలు. స్ప్రింగులు మార్చి కారును కిందికి దించినవాళ్లు ఈ లెక్కను తమ కారు మీద మళ్లీ కొలుచుకోవాలి.

ఇప్పుడు దుకాణం సంగతి. చక్రాలను బ్యాలెన్సింగ్ మెషీన్ మీద వేసి తిప్పి చూపించమని అడిగితే, డబ్బు కట్టాకే వేస్తామని కౌంటర్ దగ్గరి మనిషి చెప్పాడు. నేను ఒప్పుకోలేదు. చివరికి చక్రానికి 10 డాలర్లు ముందుగా తీసుకుని, కొంటే ఆ సొమ్ము ధరలో తగ్గించే షరతు మీద ఒప్పుకున్నారు. మెషీన్ దగ్గర ఉన్న పెద్దాయన మాత్రం పని తెలిసిన మనిషి. చక్రం నెమ్మదిగా తిరుగుతుండగా ఒక సుద్దముక్కను కదలకుండా లోపలి అంచుకు దగ్గరగా పట్టుకున్నాడు. మొదటి రెండు చక్రాల మీద సుద్ద అంచు చుట్టూతా సమంగా గీసుకుంటూ పోయింది. మూడోదాని మీద జానెడు మేర మాత్రమే గీత పడి, మిగతా అంచంతా సుద్దకు తగలకుండా తిరిగింది. మన ఊళ్లో సైకిల్ షాపు వాళ్లు చక్రం అవుటు ఉందనేది దీన్నే. గేజీ పెట్టి చూస్తే రెండున్నర మిల్లీమీటర్ల వంకర తేలింది. ఒక మిల్లీమీటరు లోపు ఉంటే నేను పట్టించుకునేవాణ్ని కాదు.

నన్ను బాధపెట్టింది వంకర కాదు. వాడిన చక్రానికి వంకర సహజమే, డాలస్ రోడ్ల గుంతలు ఎలాంటివో ఇక్కడ కారు నడిపే వాళ్లందరికీ తెలుసు. ఆ వంకర ఉన్న చోటే లోపలి గోడ మీద కొత్తగా వేసిన వెండి రంగు మందంగా ఉంది, మిగతా మూడు చక్రాలకు అది లేదు. రంగు వేసింది దుకాణమా, అంతకు ముందు అమ్మినవాళ్లా నేను చెప్పలేను, కానీ చక్రాన్ని అమ్మకానికి పెట్టేటప్పుడు దాన్ని గమనించి చెప్పవలసిన బాధ్యత దుకాణానిదే. వంకర తీసి ఇస్తామన్నారు. నేను వద్దన్నాను, ఎందుకంటే పగులు వస్తే వచ్చేది అక్కడే, అది రంగు కింద ఉంటే కంటికి కనపడదు, వేడిచేసి వంచిన అల్యూమినియానికి మునుపటి బలం ఉంటుందన్న హామీ నాకు ఎవరూ ఇవ్వలేరు. అప్పుడు ఆ పెద్దాయన వెనక గదిలోకి వెళ్లి అదే కొలత, అదే ఆఫ్‌సెట్ ఉన్న ఒంటరి ఆర్‌పీఎఫ్1 ఒకటి వెతికి తెచ్చి, అడగకుండానే మెషీన్ మీద వేసి సుద్ద పట్టి చూపించాడు. అదనపు డబ్బు తీసుకోలేదు. దుకాణం మీద నాకు మిగిలిన మంచి అభిప్రాయమంతా ఆ మనిషి వల్లే.

చక్రాలతో పాటు వచ్చిన టైర్లను అక్కడే వదిలేశాను. పక్కన ఉండే తేదీ ముద్రలో చివరి నాలుగంకెలు 2316, అంటే 2016లో 23వ వారం; మందం మిగిలి ఉన్నా అంత పాత రబ్బరును ఇలాంటి కారుకు వేయను. గాలి ఒత్తిడి చెప్పే సెన్సార్లను పాత చక్రాల్లోంచి తీసి వీటిలో బిగించమన్నాను. కొత్త సెన్సార్లు వేస్తే వాటి సంఖ్యలను కారు కంప్యూటర్‌లో నమోదు చేయించాలని మరిచిపోకండి, లేకపోతే డాష్‌బోర్డ్ మీద ఆ దీపం వెలుగుతూనే ఉంటుంది.

ఇంటికి వచ్చాక బిగింపు నేనే చేశాను. ఆర్‌పీఎఫ్1 నడిమి రంధ్రం 73 మిల్లీమీటర్లు, హబ్బు 56.1, మధ్యలో ఖాళీ పూరించడానికి 73 నుంచి 56.1కు చేసిన సెంట్రింగ్ రింగులు విడిగా కొన్నాను. చక్రాన్ని నిలిపి ఉంచేది నట్లే అయినా, రింగు లేకుండా బిగిస్తే చక్రం వెంట్రుకవాసి పక్కకు కూర్చుని హైవే మీద స్టీరింగ్ వణికే అవకాశం ఉంది. హబ్బు ముఖం మీద తుప్పును తీగ బ్రష్‌తో పూర్తిగా గీకేసి, ముందుగా చక్రాన్ని చేత్తో తిప్పి చూశాను. బ్రేకు డిస్కును పట్టి ఆపే కాలిపర్‌కూ చక్రం ఆకులకూ మధ్య నా చిటికెన వేలు సులువుగా దూరింది, స్ట్రట్‌కూ టైరుకూ మధ్య కూడా అంతే. నా కారుకు మామూలు బ్రేకులే ఉన్నాయి. బ్రెంబో సంస్థ పెద్ద బ్రేకులున్న 86 వాళ్లు కాలిపర్ ఆకారంలో అట్టముక్క కత్తిరించి దుకాణానికి తీసుకెళ్లి చక్రం లోపల పెట్టి చూసుకోవడం మంచిది. ఆర్‌పీఎఫ్1 నట్టు రంధ్రాలు ఇరుకు కాబట్టి పలుచని గోడ ఉన్న సాకెట్టు కావాలి. నట్లను ఎదురెదురు క్రమంలో ముందు చేత్తో, తరువాత టార్క్ రెంచ్‌తో మాన్యువల్ చెప్పిన 120 న్యూటన్ మీటర్లకు బిగించి, 50 మైళ్లు నడిపాక మళ్లీ చూస్తే రెండు నట్లు కొద్దిగా తిరిగాయి.

తేడా మొదటి మలుపులోనే తెలిసింది. కంపెనీ చక్రం ఒక్కొక్కటి లగేజీ కాటా మీద 9 కిలోలకు పైనే తూగితే ఇది 7 చిల్లర తూగింది. గతుకుల మీద కారు మునుపటిలా ఎగిరిపడకుండా త్వరగా కుదురుకుంటోంది, 75 మైళ్ల వేగంలో స్టీరింగ్ నిశ్చలంగా ఉంది. టైరు వ్యాసం ఒకటిన్నర శాతం పెరిగినందువల్ల స్పీడోమీటర్ 70 చూపితే అసలు వేగం 71 అవుతోంది, దానికి అలవాటు పడ్డాను. మళ్లీ చక్రాలు కావలసి వస్తే ఆ షెడ్డుకే వెళ్తాను, వెర్నియర్ కాలిపర్స్, ఇనుప స్కేలు, టార్చి వెంట పెట్టుకుని, మెషీన్ దగ్గర ఆ పెద్దాయన ఉండే వేళ చూసుకుని వెళ్తాను. ఆయన తెచ్చి ఇచ్చిన నాలుగో చక్రం మిగతావాటికన్నా ఒక వన్నె ముదురు రంగులో ఉంది. దాన్ని వెనక ఎడమ వైపు బిగించాను, రంగు మార్చే ఆలోచన లేదు.