పెద్దయ్యాక రేసు మొదలుపెట్టేవాళ్లకు ఏ స్కీ? హైదరాబాద్ నుంచి ఔలి దాకా

ముప్పై దాటాక మంచు వాలు మీద పాతిన గేట్ల మధ్య స్కీలతో దిగాలని సరదా పుట్టినవాళ్ల కన్ను ముందుగా పడేది ఎఫ్‌ఐఎస్ (అంతర్జాతీయ స్కీ సమాఖ్య) కొలతల జెయింట్ స్లాలమ్ స్కీ మీదే, అంటే గేట్లు దూరదూరంగా ఉండే రేసుది. టీవీలో కనిపించేది అదే మరి. మగవాళ్లకు 193 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 188, ఇద్దరికీ 30 మీటర్ల రేడియస్, అంటే స్కీ పక్క వంపును బట్టి వచ్చే మలుపు వ్యాసార్థం. వస్తువుకు వంక పెట్టలేం. కొత్తవాళ్ల కాళ్ల కింద మాత్రం శుద్ధ దండగ.

ఎందుకంటే, స్కీని ఎంత పక్కకు వాలిస్తే మలుపు అంత బిగుస్తుంది. రేడియస్‌ని వాలు కోణపు కొసైన్‌తో గుణిస్తే సుమారు లెక్క తేలుతుంది. 60 డిగ్రీలు వాల్చగలిగినవాళ్లకు ఆ 30 మీటర్ల స్కీ 15 మీటర్లలో తిరుగుతుంది. మొదటి ఏడాది 30 డిగ్రీలు వాలిస్తేనే గొప్ప, అప్పుడు వచ్చేది 26 మీటర్లు. ఈలోపే గేటు మీదికొచ్చేస్తుంది, మడమలు తోసి జారడం తప్పదు. జారిన ప్రతిసారీ బ్రేకు వేసినట్టే.

పెద్దవాళ్ల రేసులకని మాస్టర్స్ జీఎస్ (జెయింట్ స్లాలమ్) పేరుతో అమ్మేవి నయం. పొడవు 175 నుంచి 185 సెంటీమీటర్లు, రేడియస్ 18 నుంచి 23 మీటర్లు. 18 మీటర్లది అదే 30 డిగ్రీలకు 16 లోపు తిరిగేస్తుంది.

ఒక్క జతే కొంటామంటే మా ఓటు స్లాలమ్ తరహాకే, అంటే గేట్లు దగ్గరదగ్గరగా ఉండే రేసు స్కీకి. ఎఫ్‌ఐఎస్ ముద్ర లేని, కాస్త మెత్తనిది, మగవాళ్లకు 165, ఆడవాళ్లకు 155, రేడియస్ 12-13. ఏడాదికి పది రోజులు మంచు దొరికే హైదరాబాదీకి అదే వాలు మీద ఎక్కువ మలుపులు గిట్టుబాటవుతాయి. లోపం లేకపోలేదు. వేగం పెరిగితే లోపలికి గుంజుతుంది, వెనక్కి వాలితే తోక విసిరికొడుతుంది. స్కీ నడుము (మధ్య వెడల్పు) 66-68 మిల్లీమీటర్లే కాబట్టి గుల్మర్గ్ పైభాగంలో పొడి మంచులో కూరుకుపోతుంది. తొక్కి చదును చేసిన ఔలి (ఉత్తరాఖండ్) వాలే దీనికి సరి.

బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. బూటు ఎంత బలానికి ఊడాలో చెప్పే డిన్ సంఖ్య కొన్ని రేసు బైండింగుల్లో 8 దగ్గరే మొదలవుతుంది. 65 కిలోల మనిషికి అంత కూడా అక్కర్లేకపోవచ్చు. పడినప్పుడు బూటు ఊడకపోతే మోకాలు పోతుంది. మీకు సరిపడే సంఖ్య బైండింగ్ మీది అంకెల నడిమధ్యన పడేలా కొనండి, బిగింపు టెక్నీషియన్‌కు వదిలేయండి. బూటు సైజు చూడాలంటే లోపలి మెత్త తీసి కాలు పెట్టి, వేళ్లు ముందుకు ఆనించండి. మడమ వెనక ఒక వేలు దూరితే చాలు, రెండు దూరితే సైజు పెద్దది.

పాత జత కొనేటప్పుడు ఉక్కు స్కేలు వెంట తీసుకెళ్లండి. స్కీని బోర్లించి, అడుగుకు స్కేలు అడ్డంగా పెట్టి, ట్యూబులైటుకు ఎదురుగా చూడండి. మధ్యలో వెలుగు కారితే అడుగు గుంటపడినట్టు, అంచులు మంచును పట్టేసి మలుపు తిప్పడం కష్టమవుతుంది. అంచు ఉక్కు 1 మిల్లీమీటరు కన్నా సన్నబడితే ఇంకెన్నిసార్లో ఆకురాయి పడదు, వదిలేయండి. అంచు వెంబడి అడుగు తెల్లగా ఎండినట్టుంటే మైనం లేక కాలిందన్నమాట, బేరమాడండి. తోక దగ్గర పొరలు విడితే బేరం కూడా వద్దు. జతతో పాత ఫ్లోరిన్ మైనం అంటగడితే రేసుకు వాడకండి, 2023-24 నుంచి ఎఫ్‌ఐఎస్ నిషేధించింది.

బైండింగ్, దాని కింది ప్లేటుతో జీఎస్ జత ఏడెనిమిది కిలోలు తూగుతుంది, బూట్లు మరో నాలుగు. విమానంలో 15 కిలోల సామాను దాదాపు అక్కడికే సరి.

ఇక ఇంట్లో. శ్లాబు కింద అటక మీద పెట్టకండి, మే నెల వేడికి జిగురు వదులుతుంది. వానాకాలం తేమకు అంచులు తుప్పు పడతాయి. తడి తుడిచి, అడుగుకూ అంచులకూ మందంగా మైనం పట్టించి, గీకకుండా వదిలేయాలి. బట్టల ఇస్త్రీ పెట్టె పనికిరాదు. దాని వేడి నిలకడగా ఉండదు, 130 డిగ్రీలు దాటిందంటే అడుగు ప్లాస్టిక్కే కరగడం మొదలెడుతుంది. స్కీ మైనపు ఇస్త్రీ కొని 120 దగ్గర నిలపండి. ఆ మైనాన్ని జనవరిలో, బయల్దేరే ముందు రోజు గీకితే చాలు.