నత్తికి ఏ థెరపీ మేలు: తడబాటు తగ్గించేదా, భయం తగ్గించేదా?

కడపలో జమ్మలమడుగు బస్సెక్కే కాలేజీ కుర్రాడొకడు నాకు తెలుసు. దిగేది ప్రొద్దుటూరులో, టికెట్ తీసుకునేది మాత్రం జమ్మలమడుగుకు. 'ప్రొ' దగ్గర పెదాలు బిగుసుకుపోతాయని అతని భయం. కండక్టర్‌కు నత్తి వినపడదు, జేబులో డబ్బులు అదనంగా పోతాయి. మరి అతనికి నత్తి ఉన్నట్టా, లేనట్టా?

చెవికి వినపడే తడబాటే నత్తి అనుకుంటే లేనట్టే. 1964లో నత్తి మీద పరిశోధన చేసిన వింగేట్ ఇచ్చిన నిర్వచనంలో ముఖ్యమైనవి శబ్దాన్ని మళ్లీ మళ్లీ అనడం, సాగదీయడం. ఈ దారిలో వెళ్లే థెరపిస్టు ముందు తడబాట్లు లెక్కపెడతారు. తర్వాత నెమ్మదిగా సాగదీసి మాట్లాడటం, పెదాలు తేలిగ్గా తాకించి మాట మొదలుపెట్టడం నేర్పుతారు. గదిలో ఫలితం త్వరగా కనిపిస్తుంది. బయట, టెన్షన్‌లో నిలబెట్టుకోవడమే కష్టం. పైగా ఆ సాగదీత చాలామందికి తమ గొంతులా అనిపించదు.

1990లో పెర్కిన్స్ అనే మరో పరిశోధకుడు వేరేగా చెప్పాడు: మాట్లాడేవాడి చేతిలోంచి మాట జారిపోవడమే నత్తి. ఆ లెక్కన మన కుర్రాడికి నత్తి గట్టిగానే ఉంది. ఈ వైపు పని వేరు. తానూ నత్తితో బతికిన థెరపిస్టు వాన్ రైపర్ పద్ధతిలో, మాట పట్టేసినప్పుడు పారిపోకూడదు. ఆ మాట పూర్తయ్యాక ఒక క్షణం ఆగి, అదే మాటను బిగువు లేకుండా మళ్లీ అనాలి. కావాలనే తడబడి చూడటం కూడా సాధనే. ఇంట్లోవాళ్లకు ఇది నచ్చదు, "డబ్బు కట్టింది నత్తి నేర్చుకోడానికా?" అంటారు.

(నాలుకకు వస రాయడం సంగతి ఎత్తను. లోపం నాలుకలో లేదు. మాటను నడిపే మెదడు పనితీరులో, కొంత వంశంలో ఉంది.)

ఆరేళ్లలోపు పిల్లలకైతే నా ఓటు మొదటి వైపుకే. సిడ్నీలో పుట్టిన లిడ్‌కంబ్ పద్ధతిలో అమ్మానాన్నలే రోజూ కాసేపు పిల్లలతో కబుర్లాడుతూ, సాఫీగా వచ్చిన మాటను మెచ్చుకుంటారు. పిల్లల్లో చాలామందికి నత్తి దానంతటదే పోతుంది నిజమే, కానీ ఎవరికి పోతుందో ముందే చెప్పలేం. అందుకే ఊరికే ఎదురుచూడటం కంటే ఒకసారి చూపించడం నయం.

పెద్దవాళ్లకు రెండోదే ముందు. తేలిగ్గా మాట మొదలుపెట్టే కిటుకు మొదటిదాన్నుంచి అరువు తెచ్చుకోవచ్చు. థెరపిస్టు మొదటి రోజున "ఏ మాటలు తప్పించుకుంటావు? ఫోనెత్తుతావా?" అని అడిగారో లేదో చూడండి. చదివించి లెక్కపెట్టడంతోనే సరిపెడితే, ఆ ప్రశ్న మీరే ఎత్తండి.