జేబులో జీపీఎస్ ట్రాకర్: రెండేళ్ల వాడకం తర్వాత

డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉండి దారి తప్పే పెద్దవాళ్ల కోసం కొన్న అగ్గిపెట్టెంత ట్రాకర్ ఇది. లోపల సిమ్ వేస్తే, మనిషి ఎక్కడున్నాడో మన ఫోన్ మ్యాప్‌లో చుక్కగా చూపిస్తుంది. ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో వాడటం మొదలెట్టి రెండేళ్లు దాటింది. పనికొస్తుంది, కానీ పెట్టె విప్పిన రోజునే కాదు.

సిమ్ దగ్గరే సగం తంటా. 2జీ మాత్రమే పట్టే ట్రాకర్లో జియో సిమ్ పనిచేయదు, జియోకి 2జీ లేదు. కొనేటప్పుడే 4జీ ఉందో లేదో చూసుకోండి. సిమ్‌ని ముందు ఫోన్లో వేసి పిన్ లాక్ తీసేయాలి. ఇక డేటా రోమింగ్: ఒడిశా సిమ్ ఆంధ్రవైపున్న పాతపట్నం టవర్‌కి తగులుకుంటే అది వేరే సర్కిల్ (టెలికాం ప్రాంతం). ట్రాకర్లో రోమింగ్ ఆఫ్‌లో ఉంటే డేటా ఆగిపోతుంది, మ్యాప్‌లో చుక్క మాత్రం ఇంటి మీదే కూర్చుంటుంది. మనిషి ఇంట్లోనే ఉన్నాడనుకుని మనం నిమ్మళంగా ఉంటాం. అందుకే చుక్కని కాదు, దాని కిందున్న టైము చూడాలి. రీఛార్జ్ గడువు తీరినా ఇదే తంతు.

మనిషి దాటితే మన ఫోన్ మోగేలా మ్యాప్‌లో హద్దు పెట్టుకోవచ్చు. ఇంటి చుట్టూ ఆ హద్దు 100 మీటర్లు పెడితే, మంచం మీదున్న మనిషి కూడా బయటికెళ్లాడని మోగుతుంది. స్లాబ్ కింద శాటిలైట్ అందక టవర్ని బట్టి లెక్కేస్తుంది మరి. 300 పెట్టాక చాలావరకు తగ్గింది. రైల్వే స్టేషన్‌కి ఇంకో హద్దు పెట్టండి. నౌపడా–గుణుపూర్ బండెక్కిన అలవాటున్నవాళ్లు "ఇంటికెళ్లాలి" అంటూ అటే నడుస్తారు.

బ్యాటరీ 5 రోజులన్నారు. 10 నిమిషాలకోసారి లొకేషన్ పంపితే రోజున్నర. రాత్రి ఛార్జింగ్‌లో ఉంటుంది కనక అప్పటి కాపలా తలుపుకి అంటించే మాగ్నెట్ అలారానిది. వానాకాలం చెక్క తలుపు ఉబ్బి సరిగా మూసుకోదు, తలుపు మీద ఒకటి, ద్వారబంధం మీద ఒకటి ఉండే అలారం ముక్కల మధ్య సందు సెంటీమీటరు దాటితే ఊరికే కూస్తుంది. ఒక ముక్క కింద అట్టముక్క పెట్టి సందు సరిచేయాలి.

మెడలో వేస్తే పీకి పారేస్తారు. మగవాళ్లకి బనియన్ లోపల జేబు కుట్టించండి, ఆడవాళ్లకి రోజూ నడుముకి దోపుకునే డబ్బుల సంచే మేలు. ఎస్‌ఓఎస్ బటన్ (ఆపదలో సాయానికి నొక్కేది) గురించి దుకాణంలో గొప్పగా చెప్తారు, తప్పిపోయినప్పుడు అది నొక్కాలని గుర్తుండే మనిషికి ట్రాకర్ ఎందుకు? దానంతట అదే కాల్ ఎత్తే సెట్టింగు కూడా తీసేయండి, జేబులోంచి గొంతు వినిపిస్తే బెదిరిపోతారు.

ట్రాకర్ పక్కనే లామినేట్ చేసిన చీటీ: పేరు, రెండు ఫోన్ నంబర్లు, తెలుగులో ఒకవైపు, ఒడియాలో ఇంకోవైపు. దానికి ఛార్జింగ్ అక్కర్లేదు.