ఏడుగురితో ఫుట్‌సాల్ లీగు: బాక్సా, డైమండా? మీద పడి ఆపాలా, వెనక్కి తగ్గాలా?

ఫుట్‌సాల్ అంటే కోర్టులో జట్టుకి కీపర్‌తో కలిపి ఐదుగురు ఆడే చిన్న ఫుట్‌బాల్. మా జట్టు ఆడిన మొదటి లీగు మ్యాచ్‌లో, మొదటి సగం ఇంకా ఆరు నిమిషాలు ఉండగానే మా ఫౌళ్లు ఐదు అయిపోయాయి. ఒక సగంలో ఐదు దాటితే, ఆపైన ఫౌల్‌కి అడ్డు గోడ లేని షాట్ ఇస్తారు. మాలో ఎవరూ లెక్క పెట్టుకోలేదు. ఆరోది పక్క గీత దగ్గర, గోలుకి ఏ ప్రమాదమూ లేని చోట జరిగింది. మావాడు అవతలివాడి చొక్కా పట్టుకుని లాగాడు, అంతే. రిఫరీ బంతి తీసుకెళ్లి మా గోలుకి పది మీటర్ల దూరంలో పెట్టాడు. అలవాటుగా గోడ కట్టబోయిన ముగ్గురినీ బంతి వెనక్కి పొమ్మన్నాడు. ఇటు మా కీపర్, అటు వాళ్ల షూటర్. గోల్.

దానికి ముందు వారమంతా మేం వాదించుకున్నది వేరే సంగతి: కీపర్ కాక మిగిలిన నలుగురూ 2-2గా నిలబడి ఆడాలా, 1-2-1గా ఆడాలా అని. ఆ వాదన పనికిమాలినదేం కాదు. కానీ ఫౌళ్ల లెక్క, నాలుగు సెకన్ల రూలు (కింద చెబుతాను), బెంచి మీద ఎంతమంది ఉన్నారు అన్న మూడు సంగతులూ పక్కన పెట్టి ప్లాన్ వేస్తే అది కాగితం మీదే బాగుంటుంది.

కింద రాసేదంతా కీపర్‌తో కలిపి ఏడెనిమిది మంది ఉండి, వారానికి ఒక్కసారి మాత్రమే కలిసి ప్రాక్టీసు చేయగలిగే జట్టు కోసం. ఇంకో మాట. అసలు రూల్స్ ప్రకారం ఆట 20 నిమిషాల చొప్పున రెండు సగాలు, బంతి ఆటలో లేనప్పుడు గడియారం ఆగుతుంది. స్థానిక లీగులు చాలావాటిలో గడియారం ఆగదు. కొన్నిచోట్ల స్లైడింగ్ అసలే ఒప్పుకోరు. మీ లీగు రూల్స్ కాగితం ముందే చదవండి. తేడా ఉన్నచోట నా మాట పక్కన పెట్టి ఆ కాగితాన్నే నమ్మండి.

బాక్సా, డైమండా?

బాక్స్ అంటే 2-2: వెనక ఇద్దరు, ముందు ఇద్దరు. డైమండ్ అంటే 1-2-1: వెనక ఒకడు, రెండు పక్కలా ఇద్దరు వింగ్‌లు, ముందు పివట్ ఒకడు.

బాక్స్ నేర్చుకోవడానికి పది నిమిషాలు చాలు. ఎవరి జోడీ ఎవరో తెలుసు, ఎవరి చోటు ఏదో తెలుసు. బంతి పోగొట్టుకున్నప్పుడు వెనక ఇద్దరు ఎలాగూ ఉంటారు కాబట్టి గుండె ఆగినంత పని కాదు. కొత్త జట్టుకి ఈ నిబ్బరం చాలా విలువైనది.

దాని లోపం కోర్టు మధ్యలో ఉంటుంది. ముందు జోడీకీ వెనక జోడీకీ నడుమ ఎవరూ ఉండరు. పాసులు నిలువుగానో అడ్డంగానో పోతాయి తప్ప ఏటవాలు దారులు తక్కువ. అవతలివాళ్లు రెండో మ్యాచ్ కల్లా పసిగట్టేస్తారు: బంతి వెనక కుడివాడి దగ్గరుంటే తరవాత ముందు కుడివాడికే పోతుందని. వెనక ఇద్దరిలో ఒకడు ఉత్సాహంగా ముందుకెళ్తే రెండోవాడు ఒంటరైపోతాడు. "నువ్వెళ్లావు కదా, నేనుందామనుకున్నా" అనే సంభాషణ గోల్ తిన్నాకే జరుగుతుంది.

డైమండ్‌లో బంతి ఎవరి దగ్గరున్నా సాధారణంగా ఇద్దరు ఏటవాలుగా దొరుకుతారు. త్రికోణాలు వాటంతటవే ఏర్పడతాయి. అందుకే ఆడటానికీ, చూడటానికీ అదే బాగుంటుంది. 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న పూర్తి కోర్టులో ఆ వెడల్పంతా వాడుకోవడం బాక్స్ కన్నా డైమండ్‌కే తేలిక. చిన్న కోర్టయితే ఈ లాభం చాలావరకు ఎగిరిపోతుంది.

అయితే డైమండ్ ఇద్దరి మీద బతుకుతుంది. ఒకరు పివట్. గోలుకి వీపు పెట్టి, వెనక డిఫెండర్ అంటుకుని ఉండగా బంతిని కాలి అడుగుతో ఆపి, సావకాశంగా పక్కవాడికి ఇవ్వగలగాలి. ఫుట్‌సాల్ బంతి సైజు 4. మామూలు ఫుట్‌బాల్ కన్నా చిన్నది, తక్కువగా గెంతుతుంది. రెండు మీటర్ల ఎత్తు నుంచి వదిలితే మొదటి గెంతు 65 సెంటీమీటర్లు దాటకూడదని రూలు. కాబట్టి అడుగుతో ఆపడం విన్యాసమేమీ కాదు, ఈ ఆటలో అది అక్షరమాల. పివట్‌కి అది రాకపోతే బంతి రెండు టచ్‌ల్లో పోతుంది, వింగ్‌లు ఇద్దరూ అప్పటికే ముందుకెళ్లి ఉంటారు, వెనక మిగిలింది ఒక్కడు.

ఆ ఒక్కడే రెండోవాడు. డైమండ్‌లో వెనకుండే ఆటగాడు జట్టులో అందరికన్నా ప్రశాంతంగా ఉండేవాడు కావాలి, అందరికన్నా వేగంగా పరిగెత్తేవాడు కానక్కర్లేదు. ఇద్దరు మీదకి వస్తున్నప్పుడు కాలు విసరకుండా వెనక్కి వెనక్కి తగ్గుతూ, మిగతావాళ్లు తిరిగొచ్చేదాకా కాలయాపన చేయగలగాలి. ఆవేశపరుణ్ని అక్కడ పెడితే ఫౌళ్ల లెక్క మొత్తం వాడి ఖాతాలోనే పడుతుంది.

మేం పెట్టుకున్న పరీక్ష ఇది: ప్రాక్టీసులో పివట్‌కి, వెనక ఒక డిఫెండర్‌ని పెట్టి, పది పాసులు ఇవ్వడం. అందులో ఏడు సొంతవాళ్లకి తిరిగొస్తే డైమండ్, లేకపోతే బాక్స్. మాకు మొదటిసారి నాలుగు వచ్చాయి. బాక్సే ఆడాం, సిగ్గుపడలేదు.

బాక్స్ వైపు ఇంకో మొగ్గు కూడా ఉంది, అది బెంచి వల్ల. ఏడుగురిలో కీపర్ పోగా ఆరుగురు, అంటే బయట ఇద్దరు. ఫుట్‌సాల్‌లో సబ్‌లకి పరిమితి లేదు, ఆట నడుస్తుండగానే మారొచ్చు. జోడీగా ఆడే బాక్స్‌లో జోడీగానే మార్చేయొచ్చు. మూడు జోడీలు, మూడు మూడు నిమిషాలు, ఎవరికీ లెక్క తప్పదు. డైమండ్‌లో ఒక్కొక్కరిని మార్చాలి, ఎవరి చోటుకి ఎవరో గుర్తుండాలి. వింగ్‌లు అందరికన్నా ముందు అలిసిపోతారు, పివట్ మాత్రం "నేను బాగానే ఉన్నా" అంటూ దిగడు.

చివరికి మేం స్థిరపడింది రెండింటి నడుమ. బంతి మా దగ్గరుంటే డైమండ్. పోగానే పివట్, తనకి దగ్గరున్న వింగ్ కలిసి ముందు జోడీ అయిపోతారు, మిగతా ఇద్దరు వెనక జోడీ. ఇది కుదరడానికి మాకు దాదాపు ఒక సీజన్ పట్టింది. నలుగురూ ఒకే వరసలో తిరుగుతూ ఆడే 4-0 కూడా ఉంది. స్పెయిన్ జట్లు దానికి పేరుపడ్డాయి. చూడండి, ఆనందించండి. వారానికి ఒక ప్రాక్టీసుతో మాత్రం దాని జోలికి పోకండి.

మీద పడి ఆపాలా, సగం గీత దాకా తగ్గాలా?

మీద పడటమంటే అవతలివాళ్ల సగంలోనే బంతి కోసం ఒత్తిడి చేయడం. ఇక్కడ రూల్స్ తెలిసిన జట్టుకి ఉచితంగా లాభం ఉంది. కీపర్ తన సగంలో బంతిని నాలుగు సెకన్లకి మించి ఉంచుకోకూడదు. ఒకసారి వదిలాక, అవతలి జట్టువాళ్లు తాకితే తప్ప, సొంతవాళ్లు కావాలని ఇచ్చిన పాస్‌ని తన సగంలో మళ్లీ తాకకూడదు. తాకితే ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ (నేరుగా గోల్ కొట్టలేనిది). అంటే కీపర్ బంతి వదిలిన క్షణం నుంచి వాళ్లకి వెనక్కి ఇచ్చే దారి మూసుకుపోయినట్టే. అప్పుడు నలుగురి మీద నలుగురు పడితే, కంగారుపడి బంతి బయటికి కొట్టే జట్లే ఎక్కువ. కిక్-ఇన్‌కీ (బంతి పక్క గీత దాటితే కాలితో లోపలికి తన్నడం), కార్నర్‌కీ, ఫ్రీ కిక్‌కీ నాలుగు సెకన్లే. వాళ్లకి తమ మూలలో కిక్-ఇన్ దొరికినప్పుడు దగ్గరున్న ముగ్గురినీ కప్పేస్తే చాలు, రిఫరీ వేళ్లతో సెకన్లు లెక్కపెడుతుంటాడు, తన్నేవాడి ముఖంలో టెన్షన్ కనిపిస్తుంది.

దీనికి ఖర్చు రెండు రకాలుగా చెల్లించాలి. ఒకటి ఊపిరి. రెండోది ఫౌళ్లు. మీద పడేవాడు అర సెకను ఆలస్యమైతే తగిలేది బంతి కాదు, కాలు. డైరెక్ట్ ఫ్రీ కిక్ లేదా పెనాల్టీ ఇచ్చే ఫౌళ్లన్నీ జట్టు లెక్కలోకి వస్తాయి. ఒక సగంలో ఆరోదాని నుంచి ప్రతి డైరెక్ట్ ఫ్రీ కిక్‌కీ గోడ ఉండదు. బాస్కెట్‌బాల్ ఆడినవాళ్లకి ఈ లెక్క కొత్తగా అనిపించదు. 1930లో మాంటెవీడియోలో ఈ ఆటకి పునాది వేసిన హువాన్ కార్లోస్ సెరియాని కూడా బాస్కెట్‌బాల్ నుంచి కొంత అరువు తెచ్చుకున్నవాడే.

వెనక్కి తగ్గి ఆడితే ఊపిరి మిగులుతుంది, ఫౌళ్లు తగ్గుతాయి. బంతి దొరికినప్పుడు ముందంతా ఖాళీగా ఉంటుంది. ఆఫ్‌సైడ్ లేదు కాబట్టి ఒక్క పొడుగు పాస్ చాలు. కానీ దూరం నుంచి గట్టిగా కొట్టేవాడు వాళ్లలో ఒక్కడున్నా మీ కీపర్‌కి పరీక్షే. ఒక గోల్ వెనకబడి ఉంటే ఇలా కూర్చోవడం ఓటమిని ఒప్పుకోవడమే.

నా తీర్పు: రెండూ ఆడాలి, ఎప్పుడు ఏదన్నది ఫౌళ్ల అంకె చెప్పాలి. ప్రతి సగం మొదటి మూడు నిమిషాలు మీద పడండి. కాళ్లు తాజాగా ఉంటాయి, లెక్క సున్నాగా ఉంటుంది. ఫౌళ్లు మూడు దాటగానే కిక్-ఇన్‌లప్పుడూ, కీపర్ బంతి వదిలాకా మాత్రమే. ఐదుకి చేరాక సగం గీత వెనకే, చేతులు వెనక్కి కట్టుకున్నంత జాగ్రత్తగా. బెంచి మీద కూర్చున్నవాడు అంకె మారినప్పుడల్లా గట్టిగా అరవాలి, అది వాడి ఉద్యోగం. అవతలివాళ్ల అంకె కూడా అరవాలి. వాళ్లు ఐదులో ఉంటే మీలో డ్రిబుల్ బాగా చేసేవాడికి బంతి ఇచ్చి మీదకి పంపండి.

ఒక్కొక్కరినీ పట్టుకోవాలా, చోటుని కాపాడాలా అన్నది దీనికి అనుబంధం. మనిషిని పట్టుకుంటే ఎవరి తప్పో తెలుస్తుంది, అది ఒక సుఖం. కానీ అవతలివాళ్లు ఒకరికొకరు అడ్డం తిరుగుతూ ఆడితే మనవాళ్లు మనవాళ్లకే గుద్దుకుంటారు. బంతి దగ్గరున్న ఇద్దరు మనిషిని, దూరంగా ఉన్న ఇద్దరు చోటుని చూసుకోవడం మేలు. కార్నర్లప్పుడు మాత్రం అందరూ మనిషినే పట్టుకోవాలి.

ఆరో ఫౌల్ మనకి దొరికితే

మామూలుగా పది మీటర్ల గుర్తు నుంచే కొట్టాలి. ఫౌల్ అంతకన్నా గోలుకి దగ్గర్లో, పెనాల్టీ ఏరియా బయట జరిగితే ఆ చోటు నుంచి కొట్టే వీలు కూడా ఉంటుంది. దగ్గర కదా అని ఆశపడకండి. చోటు మధ్యలో ఉంటేనే తీసుకోండి. పక్కకి ఉంటే కోణం ఇరుకైపోతుంది, పది మీటర్ల గుర్తే నయం. ఎక్కడి నుంచైనా నేరుగా గోలుకే కొట్టాలి, పాస్ ఇవ్వకూడదు. కీపర్ బంతికి ఐదు మీటర్ల దాకా ముందుకు రావచ్చు, కాబట్టి పైకి లేపడం కన్నా కిందుగా మూలకి కొట్టడమే నా ఓటు.

కీపర్ చేత్తో దూరం విసరాలా, దగ్గరివాడికి దొర్లించాలా? మీమీద నలుగురూ పడుతుంటే దూరం, లేకపోతే దగ్గర. విసిరిన బంతి నేరుగా గోల్లోకి పోయినా గోల్ కాదన్నది గుర్తుంటే చాలు.

చివరి మూడు నిమిషాలు, ఒక గోల్ వెనక

ఇక్కడ రెండు దారులు. ఒకటి, నలుగురితోనే కోర్టంతా మీద పడటం. రెండోది పవర్‌ప్లే. క్రికెట్‌లోది కాదు: కీపర్ చోటులో పాస్ బాగా ఇచ్చే ఆటగాడిని దించి, వాణ్ని సగం గీత దాటించి ఐదుగురితో నలుగురి మీద ఆడటం. అవతలి సగంలో ఉన్నంతసేపు వాడికి నాలుగు సెకన్ల బెడద లేదు, బంతి ఎన్నిసార్లయినా తిరిగి తీసుకోవచ్చు. వెనక గోలు మాత్రం ఖాళీ. ఒక్క పాస్ తెగితే అవతలివాడు తన సగం నుంచే తాపీగా దొర్లించేస్తాడు.

పవర్‌ప్లే ధైర్యంతో ఆడేది అనుకుంటారు. నిజానికి అది ఓపికతో ఆడేది. పది పాసులు ఇచ్చి పదకొండోదానికి ఖాళీ దొరికేదాకా షాట్ కొట్టకూడదు. గడియారం ఆగే లీగులో మూడు నిమిషాలంటే నిజంగా మూడు నిమిషాలు, ఆ ఓపికకి చోటుంది. గడియారం ఆగని లీగులో అవతలివాళ్లు బంతి ఒకసారి దూరంగా తన్నితే అర నిమిషం పోతుంది. అందుకే అలాంటిచోట మీద పడి ఆడటమే మేలంటాను. వాళ్ల ఫౌళ్లు ఐదుకి చేరి ఉంటే మరీను. వాళ్లలో ఒకడు రెడ్ కార్డుతో వెళ్లిపోయి ఉంటే సంగతి వేరే: రెండు నిమిషాలు లేదా మీరు గోల్ కొట్టేదాకా వాళ్లు ఒకరు తక్కువ. అప్పుడు మీకు కీపర్‌ని ముందుకి తేవలసిన అవసరమే లేదు.

పవర్‌ప్లేకే సిద్ధపడితే, బెంచి మీదున్నవాడు ఆట ఆగకుండానే కీపర్‌తో మారొచ్చు. కోర్టులో ఉన్నవాడే కీపర్ అవ్వాలంటే ఆట ఆగాలి, రిఫరీకి చెప్పాలి. ఎవరైనా సరే కీపర్ రంగు చొక్కా, వెనక తన నంబరుతో వేసుకోవాలి. ఆ రెండో చొక్కా సంచిలో ముందే ఉండాలి. మేం ఒకసారి ఇంట్లో మరిచిపోయి వెళ్లాం. మా కీపర్ చెమటకి ఒంటికి అతుక్కుపోయిన చొక్కా విప్పుతుంటే, మిగతా నలుగురం గడియారం వంక చూస్తూ నిలబడ్డాం. అది ఆగే గడియారం కాదు.